కొర్రమీను: తల్లిచేపల మనుగడ
ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పక్కన పారే పెన్నా మడుగుల్లో, పులివెందుల వైపు చెరువుల్లో బతకగల దేశవాళీ చేప కొర్రమీను. పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కదా, హేచరీ తొట్టిలో తల్లిచేపగా ఇట్టే నిలుస్తుందనుకోవడం పొరపాటు. వలలో పొలుసు రాలిన చోట బూజు పడుతుంది. బెదిరితే తొట్టి దాటి ఎగిరిపడుతుంది. కదిలే ఎర మరిగిన నోరు గుళికల మేతను ఓ పట్టాన ముట్టదు. గుడ్లు పెట్టించడానికి హార్మోన్ సూదిమందు ఉందిగా అనవచ్చు; 1957లో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఒడిశాలో దానితోనే కార్పు చేపల చేత గుడ్లు పెట్టించారు. ఆ విద్యకైనా ముందు కావలసింది ఆరోగ్యమైన తల్లే.

చెరువులో పెరిగినవే చాలవా అంటే, ఒకే సంతతిని తరతరాలు కలిపితే జాతి బలం తగ్గుతుంది. ఏటి చేపల్ని తెస్తే ఏరు ఖాళీ కాదా అన్న ప్రశ్న న్యాయమైనదే. అందుకే కొద్ది చేపలనే, వానలకు చాలాముందు, గాయం కాకుండా తెచ్చి, వల కప్పిన మట్టిచెరువులో ఉంచాలి. పిల్లల్ని కాస్తున్న జంటను మాత్రం ఏట్లోంచి పట్టకండి.