అగ్గిపెట్టెలో కంపైలర్

ఇక్కడ ముఐథర్‌లో మన పిల్లల ఫోన్లలో గిగాబైట్ల మెమరీ ఉంటుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ప్రోగ్రాములకు దక్కేది మహా అయితే 640 కిలోబైట్లు. పైగా ప్రాసెసర్ 16 బిట్ల లెక్కతో ఒక్కో సెగ్మెంటులో 65,536 బైట్లే, అంటే 64 కిలోబైట్లే, అందుకోగలదు.

1983లో ఆండర్స్ హైల్స్‌బర్గ్ రాసిన టర్బో పాస్కల్‌లో ఎడిటరు, కంపైలరు కలిపి 40 కిలోబైట్లు దాటలేదు. మన సిరిసిల్ల అగ్గిపెట్టె చీర గుర్తొస్తుంది కదూ! కాని దాంతో తయారయ్యే ప్రోగ్రాము కోడు 64 కిలోబైట్లు మించితే ముక్కలు చేసుకోవాల్సిందే. 1987లో నాలుగో వెర్షన్ వచ్చాకే ఒక్కో యూనిట్‌కు విడిగా 64 కిలోబైట్ల చోటు దొరికింది.

ఇప్పటి యూటీఎఫ్-8 లెక్కన "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికే 18 బైట్లు. మన భాష తెర మీదికి రావడానికి మెమరీ పెరగడమూ ఒక కారణమే. ఆనాటి ఇరుకు నేర్పిన పొదుపును మాత్రం పిల్లలకు చెబుదాం.