రూజ్‌వెల్ట్ సఫారీ: వేట దొరది, మోత కూలీలది

సఫారీ అంటే స్వాహిలీలో ప్రయాణం. హైదరాబాద్‌లో మనం వినే 'సఫర్' కూడా అదే అరబ్బీ మాట నుంచి వచ్చింది. మరి ఈ ప్రయాణం వేటకి పేరెలా అయింది? ఒక పెద్ద ఉదాహరణ చూద్దాం.

1909 మార్చిలో అమెరికా అధ్యక్ష పదవి దిగిన థియోడోర్ రూజ్‌వెల్ట్, మూడు వారాలు తిరక్కుండానే కొడుకు కెర్మిట్‌తో ఓడెక్కేశాడు. ఏప్రిల్‌లో మొంబాసాలో దిగాడు. దారి చూపడానికి కనింగ్‌హామ్, టార్ల్‌టన్ అనే వేటగాళ్లు. మరి సామాను? రెండు వందల మందికి పైగా ఆఫ్రికన్ కూలీలు! గుడారాలు, తోళ్లకి పట్టించే ఉప్పు... చివరికి దొరగారి పుస్తకాల పెట్టె కూడా ఒక కూలీ మోతే.

ఏడాది తిరిగేసరికి తండ్రీకొడుకులు చంపినవి 512 జంతువులు. స్మిత్సోనియన్ మ్యూజియం కోసం అన్నారు. నిజమే, చాలావరకు అక్కడికే వెళ్లాయి. కానీ అదే నేల మీద, కూర కోసం వేటాడిన ఆఫ్రికన్‌కి లైసెన్స్ లేకపోతే బ్రిటిష్ చట్టం లెక్కలో అతను దొంగ. డబ్బు కట్టి వేటాడితే క్రీడ, ఆకలితో వేటాడితే నేరం!

1977లో కెన్యా ఈ సరదా వేటని నిషేధించింది. ఇప్పుడక్కడ సఫారీ అంటే కెమెరాలే. ఈసారి ఆ పాత ఫోటోలు కనిపిస్తే, సింహం పక్కన నిలబడ్డ దొరనే కాదు, వెనక మూటలు మోసినవాళ్లని కూడా చూడండి.