కూలివాని జీతము, యజమాని మనస్సాక్షి

రేణిగుంట యనగానే రైలు కూడలి జ్ఞాపకము వచ్చును. ఇటీవలి సంవత్సరములలో అచ్చటి విమానాశ్రయము చెంత ఎలక్ట్రానిక్ కర్మాగారములును వెలసినవి. వాటిలో పనిచేయువారిలో స్త్రీలు అనేకులు. ఇట్టి కర్మాగారములలో చిన్న జీతగాండ్ర పక్షమున ప్రతి నెలయు ఈ.ఎస్.ఐ. నిధికి చందా కట్టుట దేశమంతట చట్టము. 2019 జూలై నుండి జీతములో నూటికి 3.25 వంతు యజమానియు, 0.75 వంతు కార్మికుడును చెల్లించుచున్నారు. ఆ నిధినుండి రోగికి మందు, బాలింతకు వేతనము అందును. కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్నవారికిని సాయమందును. అయితే సంతాన నిరోధము దైవచిత్తమునకు విరుద్ధమని నమ్మిన యజమాని ఈ చందా కట్టవచ్చునా?

ప్రియ చదువరులారా, ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. క్రైస్తవ సంఘమంతయు ఈ విషయములో ఏకాభిప్రాయము గలది కాదు. 1930లో లాంబెత్‌నందు కూడిన ఆంగ్లికన్ బిషప్పులు, అంతకుముందు తామే ఖండించిన సంతాన నిరోధమును కొన్ని నిబంధనలతో అంగీకరించిరి. అదే సంవత్సరము డిసెంబరులో పోపు 11వ పయస్ దానిని నిషేధించెను. 1968 జూలైలో పోపు 6వ పౌలు ఆ నిషేధమునే స్థిరపరచెను. ఇరుపక్షములందును ప్రార్థనాపరులు ఉండిరి.

మన దేశములో ఈ సంకటమును ఎదుర్కొన్న క్రైస్తవురాలు రాజకుమారి అమృతకౌర్. ఆమె గాంధీగారి శిష్యురాలు. 1947 నుండి 1957 వరకు కేంద్ర ఆరోగ్యమంత్రిణి. 1935 డిసెంబరులో మార్గరెట్ శాంగర్ వార్ధాకు వచ్చి వాదించినప్పుడు గాంధీగారు కృత్రిమ సాధనములను ఒప్పుకొనక, ఆత్మనిగ్రహమునే బోధించిరి. అమృతకౌర్ మనస్సును అట్టిదే. అయినను మొదటి పంచవర్ష ప్రణాళికలో కుటుంబ నియంత్రణకు 65 లక్షల రూపాయలు కేటాయింపబడినప్పుడు ఆ శాఖ ఆమె చేతిలోనే యుండెను. ఆమె ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయముతో, సాధనములు లేని ఋతుకాల నియమమును ఢిల్లీలోను, మైసూరు రాష్ట్రమందలి రామనగరములోను పరీక్షింపజేసెను. దినములు లెక్కించుటకు స్త్రీలకు రంగుపూసల దండలు ఇయ్యబడెను. ఆ ప్రయత్నము ఆశించిన ఫలమియ్యలేదు. దేశము ఇతర పద్ధతులవైపు మరలెను. ఆమె తన నమ్మకమును దాచుకొనలేదు, దానికొరకు ప్రజల వైద్యమును ఆపనులేదు.

ఈ.ఎస్.ఐ. చట్టము 1948లో చేయబడి, పథకము 1952 ఫిబ్రవరిలో కాన్పూరులో ఆరంభమాయెను. 1976 ఆగస్టు 1 నుండి శస్త్రచికిత్స చేయించుకొన్న పురుషునికి 7 దినములు, స్త్రీకి 14 దినములు పూర్తి వేతనము నియమింపబడెను. ఆ తేదీని గమనించుడి. అది అత్యవసర పరిస్థితి కాలము. 1976-77లో దేశమందు 80 లక్షలకు మించి శస్త్రచికిత్సలు జరిగెను. అనేకచోట్ల బీదలను బలవంతపెట్టిరి. ఇష్టములేనివాని దేహముపై చేయివేయుట ఎంత ఘోరమో అప్పుడు దేశము చూచెను. ఆనాడు మనస్సాక్షి పేరట కాదన్నవారు బీదలకు ఆశ్రయమైరి.

ఇక అమెరికాలో ఇదే ప్రశ్న న్యాయస్థానమెక్కెను. అచ్చట యజమాని తానే బీమా ఎన్నుకొని ఉద్యోగులకు ఇప్పించును. 2010 నాటి ఆరోగ్యచట్టము ననుసరించి ఆ బీమాలో సంతాన నిరోధ సాధనములును చేర్చవలసి వచ్చెను. హాబీ లాబీ అను దుకాణముల యజమానులైన క్రైస్తవ కుటుంబమువారు వాటిలో 4 సాధనములకు ఆక్షేపణ తెలిపిరి. అవి గర్భస్థ జీవమును హరింపగలవని వారి భయము. 2014 జూన్ 30న అత్యున్నత న్యాయస్థానము 5–4 తేడాతో వారి పక్షమున తీర్పు చెప్పెను. అయితే స్త్రీలకు ఆ సాధనములు వేరొక మార్గమున అందింపవచ్చునని ఆ తీర్పే చూపెను. 2020 జూలైలో బీదల చిన్న సోదరీమణుల సభవారి వ్యాజ్యెములో ప్రభుత్వమిచ్చిన విశాలమైన మినహాయింపు నిలిచెను. ఆ సోదరీమణులు సికిందరాబాదులోను వృద్ధులను సేవించినవారే. వారి భక్తిని శంకింపరాదు. కాని 70,500 మొదలు 1,26,400 వరకు స్త్రీలు ఉచిత సదుపాయము కోల్పోవచ్చునని ప్రభుత్వమే అంచనా వేసెను. వీరిలో ఆ సోదరీమణుల విశ్వాసము లేనివారెందరో!

మన ఈ.ఎస్.ఐ.లో యజమాని సాధనమును కొనడు, ఎన్నుకొనడు. అందరి చందాలు ఒక్క నిధిలో కలియును. వైద్యుని యొద్ద కార్మికురాలే తన అవసరము చెప్పుకొనును. అది ఆమె చెమటకు కలిగిన హక్కు, యజమాని పెట్టిన భిక్ష కాదు. పొలము కోసినవారి కూలి బిగబట్టినవారిని గూర్చి యాకోబు ఎంత గట్టిగా హెచ్చరించెనో మనమెరుగుదుము.

దానియేలును తలంచుడి. రాజు భోజనము తనకు అపవిత్రమని యెంచి, తనకును తన ముగ్గురు స్నేహితులకును శాకాహారము వేడుకొనెను. ఇతర యౌవనుల పళ్ళెములు తీసివేయుడని అతడు అడుగలేదు. మనస్సాక్షికి దేవుడిచ్చిన సరిహద్దు ఇదియే.

కావున క్రైస్తవ యజమానీ, నీ ఇంట నీ విశ్వాసము చొప్పున నడువుము. నీ యొద్ద పనిచేయు స్త్రీ చందాను గడువులోగా కట్టుము. ఆమె ఏ చికిత్స కోరెనో విచారింపకుము. చేయించుకొమ్మని బలవంతపెట్టకుము, వద్దని అడ్డగింపకుము. మనస్సాక్షి నిన్ను బాధించినయెడల దాని వెల నీ సంచిలోనుండి చెల్లింపుము గాని ఆమె జీతములోనుండి కాదు.