పాత కారు, దాని వంశావళి

పొలము కొనదలచిన రైతు మొదట గట్టు మీదికి పోయి మట్టిని చేతబట్టి చూచును. పిదప అమ్మకందారుని ఇంటికి వచ్చి, "అయ్యా, ఈ పొలము మీకెట్లు సంక్రమించినది? మీ తండ్రిగారికమ్మినవారెవరు? ఆ దస్తావేజేది?" అని అడుగును. ఈ రెండవ పని చేయనివాడు తరువాత ఎన్నియేండ్లు కోర్టుల చుట్టు తిరుగునో పెద్దలైన మీకు నేను చెప్పనక్కరలేదు. ఏనాటిదో యొక గొప్ప మోటారుకారును కొనగోరువాని స్థితియు నట్టిదే. అట్టి కారొకదానిపై 1990లో ఇంగ్లండున నడచిన వ్యాజ్యమును మీకు వినిపించెదను.

దానికి ముందు ఒక సంగతి తెలియవలెను. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము రోల్సు రాయిసు, బెంట్లీ వంటి కంపెనీలు కారును సంపూర్ణముగా చేసి అమ్మెడివి కావు. ఇంజను, చక్రములు, వానిని మోయు ఇనుప చట్రము, అనగా ఛాసీ, మాత్రమే వారు ఇచ్చెడివారు. మనుష్యులు కూర్చుండు పెట్టెను, తలుపులను, పైకప్పును వేరొకరు కట్టెడివారు. వీరిలో కొందరు అంతకుముందు గుఱ్ఱపుబండ్లు కట్టి పేరొందినవారే. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములో పసుపువన్నె రోల్సు రాయిసు కారును చూచినవారు మీలో ఉందురు. దాని చట్రము రోల్సు రాయిసు వారిది. పైకట్టడము లండనులోని బార్కరు కంపెనీ వారిది. దానిని కోరి చేయించిన ఆరవ నిజాము మహబూబలీఖాను అది చేరకమునుపే 1911లో గతించెను. కావున ఇట్టి కారునకు జన్మములు రెండు. యజమాని మారినపుడు పాత పెట్టెను తీసివేసి క్రొత్తది కట్టించుటయు ఆ రోజులలో సామాన్యమే. చిక్కంతయు నిక్కడనే పుట్టును.

ఇక వ్యాజ్యమునకు వత్తము. బెంట్లీ కంపెనీ 1919లో స్థాపితమయ్యెను. ఫ్రాన్సు దేశమున ల మాన్ అను పట్టణమున పగలు రేయి ఇరువదినాలుగు గంటలు సాగు కార్ల పందెమొకటి కలదు. ఆ కాలములో నెక్కువ దూరము పోయినదే గెలిచినట్లు. ఆరున్నర లీటర్ల ఇంజను గల బెంట్లీ కారొకటి అచట 1929లో గెలిచెను. మరల 1930లోను అదే కారు గెలిచెను. రెండు పర్యాయములును దానిని నడిపినవారిలో నొకడు వుల్ఫ్ బర్నాటో. ఇతడు దక్షిణాఫ్రికా వజ్రపు గనుల సంపదకు వారసుడు. బెంట్లీ కంపెనీకి ధనము పోసి దానిని నిలిపినవాడు. ఆ కారునకు "ఓల్డు నంబరు వన్" అను పేరు స్థిరపడెను. కంపెనీ మాత్రము నిలువలేదు. 1931లో అప్పులపాలై రోల్సు రాయిసు వారి వశమయ్యెను.

కారు మాత్రము విశ్రాంతి నెరుగదు. పందెములకై దాని భాగములను ఒకటొకటిగా మార్చిరి. 1932 నాటికి అందు ఎనిమిది లీటర్ల ఇంజను చేరెను, చట్రమును మారెను. ఆ సంవత్సరము సెప్టెంబరులో బ్రూక్లండ్సు పందెపు బాటపై అది గట్టు దాటి పడి, నడుపుచున్న క్లైవ్ డన్ఫీ ప్రాణములు కోల్పోయెను. అటుపిమ్మట దానిని బాగుచేసి, పైకప్పు గల పెట్టె కట్టి, దారిన తిరుగు కారుగా మార్చిరి. పెక్కు చేతులు మారిన తరువాత ఒక యజమాని దానికి మరల పందెపు కారు రూపము కల్పించి, సుమారు ఒక కోటి పౌనుల విలువకు అమ్మ నొప్పుకొనెను. ఒప్పందము కుదిరిన పిదప కొనువారు వెనుకకు తగ్గిరి. "ఇది ఓల్డు నంబరు వన్ కాదు. దాని పేరు మాత్రమే దీనికి మిగిలినది" అని వారి వాదము.

ఒట్టన్ అను న్యాయమూర్తి ఆ కారును ఎముకకెముక విడదీసినట్లు విచారించెను. 1929 నాటి కారులోనిది, కాలము నిర్ణయింప వీలులేని చిల్లర సామగ్రి తప్ప, ఏమియు మిగులలేదని తేల్చెను. 1930 నాటివి గేరుపెట్టె తొడుగు, స్టీరింగు కంబము వంటివి కొన్ని మాత్రమే. తక్కినదంతయు 1932 నాటిది, అటు తరువాతిది. ఇంతవరకు విన్నవారు కొనువారు గెలిచిరనుకొందురు. తీర్పు అట్లు రాలేదు. ఈ కారు ఏనాడును విప్పి పారవేయబడలేదు, వేరొక కారుగా చెలామణి కాలేదు, దాని జీవితము నడుమ తెగక సాగినది; కావున ఆ పేరు దానికే చెల్లునని అమ్మకందారుని పక్షముననే తీర్పు చెప్పెను.

నాకీ తీర్పు న్యాయముగనే తోచును. మన గ్రామ దేవాలయపు రథమును చూడుడు. చక్రములు మార్చుదుము, ఇరుసు మార్చుదుము, పుచ్చిన దూలములు తీసి క్రొత్త టేకు వేయుదుము. అయినను ఉత్సవమునాడు లాగునది మన తాతలు లాగిన రథమే యందుము. పూర్వము మిలిందుడను యవనరాజుతో నాగసేనుడను భిక్షువు చర్చించినదియు నిదియే: ఇరుసు రథమా, చక్రము రథమా యని. అయితే రథమును ఎవరును కోటి పౌనులకు కొనరు! డబ్బు పెట్టువాని బాధ వేరు. "అసలైనది" అను మాటకు అమ్మువాడొక అర్థము, కొనువాడొక అర్థము చెప్పుకొని, ఆ అర్థమును కాగితము మీద పెట్టకపోవుటచే పుట్టిన తగవిది.

కనుక కొనదలచినవాడు సంచీ ముడి విప్పుటకు ముందే పత్రములను విప్పవలెను. చట్రము మీది సంఖ్యను, ఇంజను మీది సంఖ్యను తాను స్వయముగా చదివి, వానిని కంపెనీ పాత దఫ్తరములతో సరిచూడవలెను. ఏ చట్రము ఏ దినమున ఎవరి కోరికపై పోయినది, పెట్టె ఎవరు కట్టినది ఆ దఫ్తరములలో వ్రాసియుండును. పాత ఛాయాపటములు సేకరించి పెట్టె రూపమును పోల్చవలెను. అమ్మువానికి చుట్టము గాని, అతనిచే సొమ్ము తినువాడు గాని కాని పరీక్షకుని పిలువవలెను. ఏ భాగము ఏనాటిదో ఒప్పందములోనే వ్రాయించవలెను.

మన దేశమున ఇప్పుడు మరియొక మెలిక కలదు. ఏబది యేండ్లు దాటిన పాత వాహనముల నమోదునకై 2021లో కేంద్రప్రభుత్వము నియమములు చేసినది. నమోదు రుసుము 20,000 రూపాయలు, సంఖ్యాఫలకముపై "వి. ఏ." అను అక్షరములుండును; అట్టి వాహనమును నిత్యావసరములకును, బాడుగకును నడుపరాదు. చట్రము, పైపెట్టె, ఇంజను పెద్దగా మార్పు చెందక అసలు రూపముననే యుండవలెనని ఆ నియమములు కోరుచున్నవి. ఓల్డు నంబరు వన్ వంటి కారును మన రిజిస్ట్రేషను కచేరీకి తోలుకొనిపోయినచో, అచటి గుమాస్తా ఆంగ్ల న్యాయమూర్తి తీర్పును ప్రక్కకు పెట్టి, ముందుగా చట్రము క్రింద దీపము పట్టి చూచును.