రోస్టర్

డచ్చి భాషలో ఈ మాటకు మొదటి అర్థం నిప్పుల మీద మాంసం కాల్చే ఇనుప కమ్మీల చట్రం. కాగితం మీద అలాగే వరుసగా గీతలు గీసి పేర్లు రాసుకున్న పట్టికకూ ఆ పేరే వచ్చింది. 18వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం దాన్ని కాపలా వంతుల జాబితాకు వాడుకుంది. మనకు ఉద్యోగ నియామకాల 'రోస్టర్ పాయింట్'గా తెలుసు. అమెరికా క్రీడల్లో మాత్రం రోస్టర్ అంటే జట్టులోని ఆటగాళ్ల పట్టిక.

'ఔట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్' అనే కంప్యూటర్ ఆటకు ప్రాణం ఆ పట్టికే. ఇందులో మనం బంతి విసరం, జట్టును నడుపుతాం. అభిమానులు సొంతంగా రోస్టర్లు తయారుచేసి ఆటలోకి ఎక్కిస్తారు. రోస్టర్ ఫైలులో ఒక్కో ఆటగాడికి ఒక్కో వరుస. పాత గీతల పని ఇప్పుడు కామాలు చేస్తాయి. ఒక్క కామా జారితే పక్క గడి వివరం ఈ గడిలోకి వస్తుంది. అందుకే ఎక్కించే ముందు పాత ఫైలుకు నకలు తీసిపెట్టుకోవాలి.

షాన్ లామన్ అనే ఆయన 1871 నుంచి మొదలయ్యే బేస్‌బాల్ గణాంకాలను కూర్చి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఆ శ్రమకు ఎంత దణ్ణం పెట్టినా తక్కువే. ఎవరికీ గుర్తులేని ఆటగాళ్లు కూడా దానివల్ల ఈ కంప్యూటర్ ఆటలో మళ్లీ మైదానంలోకి దిగుతున్నారు.

ఫైలును ఇలా ఆటలోకి తేవడాన్ని ఇంగ్లిష్‌లో 'ఇంపోర్ట్' అంటారు. దానికి తెలుగులో 'ఎక్కించడం' అన్న మాటే నాకిష్టం. రేషన్ కార్డులో పిల్లల పేర్లు ఎక్కించాం అంటాం కదా, అదే మాట.