భార్యాభర్తలు కలిసి ధ్యానించే పాత దారి



ఈమధ్య కొందరు దంపతులు ఫోనులో ఎవరో చెప్తుంటే వింటూ, కళ్ళు మూసుకుని కలిసి ధ్యానం చేస్తున్నారు. "అయ్యగారూ, ఇది మనకు తగునా?" అని అడిగేవారూ ఉన్నారు. ఒకరు నడిపిస్తుంటే మరొకరు మౌనంగా ధ్యానించడం మన సంఘ చరిత్రలో కొత్త సంగతి కాదు. ఎవరు నడిపిస్తున్నారు, ఎక్కడికి నడిపిస్తున్నారు అన్నదే మనం చూసుకోవాలి.

1529లో మార్టిన్ లూథర్ చిన్న కేటకిజం రాశాడు. దాన్ని ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పవలసిన పాఠంగా రాశాడు. ఉదయం లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు చేసే ప్రార్థనలు అందులో ఉన్నాయి. అంటే గుడికంటే ముందు ఇల్లే ప్రార్థన బడి.

జర్మనీలో లూయీ హార్మ్స్ 1849లో ప్రారంభించిన హెర్మన్స్‌బర్గ్ మిషను నుండి ఆగస్ట్ మిలియస్ దొర 1865 ప్రాంతంలో మన తెలుగు నేలకు వచ్చాడు. సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు మొదలైన ఆ పని నేడు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘమైంది. ఆ మిషనరీలతోపాటు కేటకిజం కూడా మన పల్లెలకు వచ్చింది.

1535లో లూథర్ మరో చిన్న పుస్తకం రాశాడు. విట్టెన్‌బర్గ్‌లో తనకు క్షవరం చేసే పీటర్ ప్రార్థన ఎలా చేయాలని అడిగితే, అతని కోసమే రాసింది అది. ఒక్కొక్క ఆజ్ఞను తీసుకుని నాలుగు పోగుల దండలా అల్లమన్నాడు. ఇది నాకేమి నేర్పుతోంది? దేనికి కృతజ్ఞత చెప్పాలి? ఏ పాపం ఒప్పుకోవాలి? ఏమి అడగాలి? ఇదే ఆ ధ్యానం.

అయితే ఆ సంవత్సరమే పీటర్ భోజనాల దగ్గర తన సొంత అల్లుణ్ణి కత్తితో పొడిచి చంపాడు. మరణశిక్ష తప్పినా ఊరు విడిచి వెళ్ళవలసి వచ్చింది. ప్రార్థించే పద్ధతి చేతిలో ఉన్నా ఇల్లు నిలవలేదు! భార్యను సన్మానించని భర్త ప్రార్థనలకు ఆటంకం కలుగుతుందని పేతురు మొదటి పత్రిక మూడవ అధ్యాయం హెచ్చరిస్తుంది. మనం దేవునితో మాట్లాడే మాటకు, ఇంట్లో మాట్లాడే మాటకు సంబంధం ఉంది.

కాబట్టి ఆ నాలుగు పోగులను ఇద్దరూ కలిసి అల్లండి. రాత్రి అన్నాలయ్యాక టీవీ ఆపి, ఒకరు ఒక వచనం నెమ్మదిగా రెండుసార్లు చదవండి. రెండు నిమిషాలు మౌనంగా ఉండండి. తర్వాత చదివినవారు ఆ నాలుగు ప్రశ్నలు ఒక్కొక్కటే అడగండి. మూడవ ప్రశ్న దగ్గర ఎదుటివారి తప్పు ఎత్తవద్దు, మీ తప్పే చెప్పండి. మరునాడు రెండవవారు నడిపించండి. చదువు రాని చెల్లెమ్మ ఉంటే, ఆమెకు నోటికి వచ్చిన వచనమే చాలు. కువైట్‌లో ఉన్న తమ్ముళ్ళారా, ఇంటికి ఫోను చేసినప్పుడు డబ్బు లెక్కలు అయ్యాక అయిదు నిమిషాలు దీనికివ్వండి.

ఇస్సాకు సాయంకాలం పొలంలో ఒంటరిగా ధ్యానించేవాడు. రిబ్కా వచ్చాక ఆమె కోసమే దేవుని వేడుకున్నాడు. మన ధ్యానం కూడా పక్కనున్న మనిషి దగ్గరికి మనలను నడిపించాలి.

ప్రభువు మీ గృహములను దీవించును గాక. ఆమేన్.