గజ్జికి అసలు మందు కుళాయిలో ఉందా?

గజ్జి అనగానే మనలో చాలామంది "ఛీ, స్నానం చేయరు కాబోలు" అనేస్తాం. ఈ ఎపిసోడ్‌లో ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం. కథ ఆస్ట్రేలియాది.

అక్కడి మారుమూల ఆదిమవాసీ ఊళ్లలో ఏ రోజు చూసినా 100 మంది పిల్లల్లో దాదాపు 45 మందికి ఒంటిమీద పుళ్లు ఉంటాయని పరిశోధకుల లెక్క. గజ్జి పురుగు చర్మాన్ని తొలుస్తుంది. పిల్లలు గోక్కుంటారు, పుండు పడుతుంది, అందులో స్ట్రెప్టోకాకస్ బాక్టీరియా చేరుతుంది. దానివల్ల కిడ్నీలు వాస్తాయి. రుమాటిక్ గుండె జబ్బుకూ ఇది దారి తీస్తుందని డాక్టర్ల అనుమానం.

మరి ఇదంతా ఎలా మొదలైంది? వేల ఏళ్లు చిన్న గుంపులుగా తిరుగుతూ బతికిన జనాన్ని తెల్లవాళ్ల పాలనలో మిషన్లకు, ప్రభుత్వ సెటిల్‌మెంట్లకు చేర్చారు. ఇరుకు ఇళ్లు, ఇంటినిండా మనుషులు. ఒకరికి వస్తే అందరికీ అంటుకోవాల్సిందే.

1985లో సౌత్ ఆస్ట్రేలియా ఎడారిలో అనంగు ప్రజల ఆరోగ్య సంస్థను యామీ లెస్టర్ నడిపేవారు. ఆయనకు చూపు లేదు. చిన్నప్పుడు, 1953లో, బ్రిటిష్ అణుపరీక్ష తర్వాత కమ్మిన నల్లటి మబ్బే కారణమని చెప్పేవారు. జబ్బు వచ్చాక మందు ఇవ్వడం కాదు, అసలు రాకుండా చూడాలన్నది ఆయన పట్టుదల. ఆర్కిటెక్ట్ పాల్ ఫోలెరోస్, డాక్టర్ పాల్ టొర్జిలో, స్టీఫన్ రైనో కలిసి పనిలోకి దిగారు. 1987లో రిపోర్ట్ వచ్చింది. ఆరోగ్యానికి కావాల్సిన 9 పనుల్లో మొదటిది ఏంటో తెలుసా? చిన్నపిల్లలకు స్నానం!

తర్వాతి ఏళ్లలో దేశమంతా వేల ఇళ్లు చెక్ చేస్తే, షవర్ సరిగ్గా పనిచేసేవి దాదాపు 35 శాతమే. తప్పు ఎవరిది? ఇంట్లోవాళ్లు పాడుచేసినవి పదో వంతు కూడా లేవు. ఎక్కువ భాగం మెయింటెనెన్స్ లేకపోవడం, మిగతాది నాసిరకం కట్టడం. నీళ్లే రాని ఇంట్లో "శుభ్రంగా ఉండండి" అని చెప్తే ఏం లాభం?

న్యూ సౌత్ వేల్స్‌లో ఇలా రిపేర్ చేసిన ఇళ్లవాళ్లు అంటువ్యాధులతో ఆసుపత్రిలో చేరడం, రిపేర్లు జరగని చోట్లతో పోలిస్తే 40 శాతం తక్కువని 2010 ప్రభుత్వ నివేదిక తేల్చింది. మందులూ కావాలి, కాదనను. కానీ కుళాయి తిప్పితే నీళ్లు రాకపోతే పుళ్లలో ఇన్‌ఫెక్షన్ మళ్లీ రావచ్చు.

కాబట్టి ఫ్రెండ్స్, ఈసారి ఎవరినైనా "మురికి" అనే ముందు, వాళ్లింట్లో నీళ్లు వస్తున్నాయో లేదో అడుగుదాం. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!